క్రూజ్ టికెట్ కొన్నాక మొదలయ్యే ఖర్చు

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు ఉండే తెలుగువాళ్ళకి సెలవులొస్తే టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ రేవుకి వెళ్ళి క్రూజ్ ఎక్కడం ఈమధ్య మామూలైపోయింది, అందులోనూ ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. నడక తక్కువ, తిండి వేళకి దొరుకుతుంది, రోజూ సూట్‌కేసు సర్దే పని లేదు. మేమూ అత్తయ్యగారినీ మావయ్యగారినీ పిల్లల్నీ తీసుకుని మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్ళొచ్చాం. వచ్చినప్పట్నుంచీ ఫ్రెండ్సంతా అడిగేది ఒకటే, మొత్తం ఎంతయింది, క్యాష్ ఎంత పట్టుకెళ్ళాలి అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాసేస్తే అందరికీ పనికొస్తుంది.

ఓడ మీద షాపుల్లో, బార్‌లో క్యాష్ తీసుకోరు. చెకిన్ అయ్యాక మనిషికో కార్డు ఇస్తారు, గది తాళమూ అదే, గుర్తింపు కార్డూ అదే, పర్సూ అదే. ఏం కొన్నా ఆ కార్డు చూపిస్తే చాలు, డబ్బు గది అకౌంటు మీద పడుతుంది. చేతిలోంచి నోటు వెళ్తే మనసుకి తెలుస్తుంది, కార్డు ఆనిస్తే తెలియదు, చిన్నాచితకా ఖర్చులన్నీ కలిసి ఆఖరి రోజుకి తడిసి మోపెడయ్యేది ఇందుకే. నా మటుకు నేను నమ్మేదేంటంటే, ఓడ ఎక్కకముందే ఏది ఫ్రీ, ఏది కాదు, ఎవరు ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మొదట టిప్స్ సంగతి. పెద్ద కంపెనీలన్నీ మనిషికి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా గ్రాట్యుటీ పేరుతో టిప్పు వేస్తాయి, పిల్లలకి కూడా. రోజుకి 16 చొప్పున వేసుకున్నా ఆరుగురికి 5 రాత్రులకి 480 డాలర్లు. టికెట్ రేటు చూసి "భలే చౌకగా వచ్చిందే" అనుకునేవాళ్ళు ఈ మొత్తాన్ని కూడా కలిపి చూసుకోవాలి. బుక్ చేసేటప్పుడే కట్టేస్తే ఓడ మీద బిల్లు తేలిగ్గా ఉంటుంది. గది శుభ్రం చేసేవాళ్ళు, డైనింగ్ హాల్లో వడ్డించేవాళ్ళు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండి పని చేస్తారు, వాళ్ళ సంపాదనలో ఇది ముఖ్యమైన భాగం. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్ళి దీన్ని తీయించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు.

గది అకౌంటుకి డెబిట్ కార్డు ఇవ్వొద్దు, క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఓడ వాళ్ళు ఖర్చుని బట్టి కార్డు మీద హోల్డ్ పెడుతూ ఉంటారు, డెబిట్ అయితే ఆ డబ్బు మన బ్యాంకులోంచి లాక్ అయిపోతుంది, దిగిన తర్వాత కూడా విడుదల కావడానికి రోజులు పట్టొచ్చు, ఈలోపు ఇంటి అద్దె కట్టాల్సిన తేదీ వస్తే ఇబ్బంది. ఖర్చుకి కచ్చితంగా హద్దు పెట్టుకోవాలనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో క్యాష్ డిపాజిట్ కట్టేస్తే అది అయిపోగానే కార్డు పని చెయ్యదు, మిగిలితే తిరిగి ఇస్తారు. పిల్లల కార్డుకి కూడా అక్కడే పరిమితి పెట్టించొచ్చు, లేదా కొనే వీలే లేకుండా చేయించొచ్చు. ఆర్కేడ్ గేమ్స్ దగ్గర ఇదే కార్డు పని చేస్తుంది కాబట్టి పిల్లలున్నవాళ్ళు ఎక్కిన రోజే ఈ పని చూసుకోవాలి.

పెద్దవాళ్ళ విషయం ఇంకో రకం. వాళ్ళు ఎక్కువ ఖర్చు పెడతారన్న భయం లేదు, అసలు పెట్టరు, ఫ్రీగా ఉన్నది కూడా ముట్టుకోరు. మా అత్తయ్యగారు బఫేలో టీ మెషీన్ ముందు కప్పు పట్టుకుని నిలబడి, వెనక ఎవరైనా వస్తే పక్కకి జరిగి దారి ఇస్తున్నారు. "ఏంటత్తయ్యా, తీసుకోండి" అంటే, "ఎందుకమ్మా, ఒక్కో కప్పు ఎంత వేస్తారో ఏమో, పైగా కార్డు గదిలోనే ఉండిపోయింది, నేను మంచినీళ్ళు తాగుతాలే" అన్నారు. డాలర్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు వాళ్ళకి ఒక్క రోజులో పోదు. అందుకని ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక రౌండు తిప్పాను: ఈ టీ, కాఫీ, నిమ్మరసం, ఐస్‌క్రీము, బఫే, పెద్ద డైనింగ్ హాలు, రాత్రి షోలు, వీటికి డబ్బుల్లేవు, ఎన్నిసార్లైనా తీసుకోండి. సీసా నీళ్ళు, కూల్‌డ్రింకులు, కాఫీ షాపులో లాటే, స్పెషల్ రెస్టారెంట్లు, ఫొటోలు, బింగో, వీటికి డబ్బులు పడతాయి, కావాలంటే మమ్మల్ని అడగండి. ఆ తర్వాత ఇద్దరూ ఎంత హుషారుగా తిరిగారో! పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు మొదటి గంటలోనే ఈ పని చెయ్యండి. ఇంకోటి, డైనింగ్ హాల్లో ముందు రోజు చెప్పి పెడితే చాలా ఓడల్లో ఇండియన్ వెజిటేరియన్ వండి పెడతారు, దానికి వేరే డబ్బులు అక్కర్లేదు.

డ్రింక్స్ రసీదు ఒకసారి జాగ్రత్తగా చదవండి. 7 డాలర్ల మాక్‌టెయిల్ అడిగితే 18 శాతం సర్వీసు చార్జీ ముందే కలిపి 8 డాలర్ల 26 సెంట్లు అని ఉంటుంది, కొన్ని కంపెనీలు 20 శాతం వేస్తాయి. దాని కింద టిప్ కోసం ఇంకో ఖాళీ గీత! అమెరికా హోటళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే అక్కడ ఇంకో రెండు డాలర్లు రాసేస్తుంది. ఇష్టమైతే రాయండి, కానీ టిప్ అప్పటికే పడిందని తెలిసి రాయండి. ఓడ గాల్వెస్టన్‌లో ఉన్నంతసేపు కొన్నవాటికి టెక్సస్ సేల్స్ టాక్స్ కూడా పడుతుంది. డ్రింక్స్ ప్యాకేజీ విషయానికొస్తే, ఒకరు తీసుకుంటే అదే గదిలోని పెద్దవాళ్ళంతా తీసుకోవాలని చాలా కంపెనీల రూలు, మన ఇళ్ళల్లో ఒకరు తాగి ఒకరు తాగకపోతే అది దండగే.

వైఫై కావాలంటే ఓడ ఎక్కకముందే కొనండి, ఎక్కాక రేటు ఎక్కువ. ఫోన్లు మాత్రం కచ్చితంగా ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే ఓడ తాలూకు సెల్ నెట్‌వర్క్ పట్టుకుని రోమింగ్ బిల్లు గుభేలుమనిపిస్తుంది.

ఇక క్యాష్. పెద్ద మొత్తం అక్కర్లేదు, చిల్లర నోట్లు కావాలి. ఒకట్లు, అయిదులు, పదులు కలిపి ఒక కవరులో పెట్టుకోండి. గాల్వెస్టన్‌లో సామాను అందుకునే పోర్టర్లకి బ్యాగుకి ఒకటో రెండో డాలర్లు ఇవ్వాలి. కోజుమెల్‌లో టాక్సీలకి మీటర్ ఉండదు, ఊరినిబట్టి, బీచ్‌ని బట్టి రేటు ఉంటుంది, స్టాండు దగ్గర బోర్డు చూసి ఎక్కేముందే డ్రైవర్‌తో మొత్తం అందరికీ ఎంతో, డాలర్లా మెక్సికో పెసోలా అన్నది ఖాయం చేసుకోవాలి. డాలర్లు తీసుకుంటారు కానీ ఇరవై ఇస్తే మిగతాది పెసోల్లో చేతిలో పెడతారు, చిరిగిన నోటు తీసుకోరు. షాపులో కార్డు గీస్తే మెషీన్ డాలర్లా పెసోలా అని అడుగుతుంది, పెసోలే నొక్కండి, డాలర్లు నొక్కితే వాళ్ళ రేటులో మార్చి మనకి ఎక్కువ వేస్తారు. ఓడ మీద ఏటీఎం ఉంటుంది కానీ ఫీజు భారీగా ఉంటుంది, దాని జోలికి వెళ్ళొద్దు.

ఇండియా కార్డు మీద ఆధారపడేవాళ్ళు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ అయ్యాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి, నడి సముద్రంలో ఓటీపీ మెసేజ్ వస్తుందన్న నమ్మకం లేదు. పైగా చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా ఫారెక్స్ మార్కప్ (డబ్బు మార్చినందుకు వేసే అదనపు చార్జీ), దాని మీద జీఎస్టీ వేస్తాయి.

ఓడలోని డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆ బిల్లు కూడా గది అకౌంటు మీదే పడుతుంది. పెద్దవాళ్ళ మందులు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి, కడుపులో తిప్పకుండా మెక్లిజిన్ మాత్రలు ఇంటి దగ్గరే కొని పెట్టుకోండి, విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద పని చేస్తుందో లేదో ముందే అడగండి.

రోజూ రాత్రి పడుకునేముందు ఓడ యాప్‌లో బిల్లు చూడటం మాకు బాగా పనికొచ్చింది, యాప్‌కి వైఫై ప్యాకేజీ అక్కర్లేదు. తెలియని పేరు కనిపిస్తే మర్నాడు మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి అడిగితే రసీదు తీసి చూపిస్తారు. దిగే రోజు పొద్దున అదే కౌంటర్ ముందు చాంతాడంత లైను ఉంటుంది. ఆన్‌బోర్డ్ క్రెడిట్, అంటే ఓడ మీద ఖర్చుకని మన అకౌంటులో ముందే వేసిన డబ్బు, ఏదైనా వచ్చి ఉంటే అది తిరిగి ఇచ్చేదో కాదో కనుక్కుని, కాకపోతే ఆఖరి రాత్రిలోపు వాడేయండి.

గాల్వెస్టన్‌లో దిగాక మందు సీసా తెచ్చుకున్నవాళ్ళు టెక్సస్ ఆల్కహాల్ కమిషన్ వాళ్ళ కౌంటర్ దగ్గర ఆగి సీసాకి 3 డాలర్ల ఫీజు, పైన పన్ను కట్టాలి, డ్యూటీ ఫ్రీలో కొన్నా సరే. కవరులో నాలుగైదు నోట్లు దానికి మిగుల్చుకోండి.