134 కొట్టిన అమ్మాయి 172 మీద ఎలా గెలిచింది?

సంక్రాంతికి అమలాపురం వచ్చిన మా మేనకోడలు, హైదరాబాదులో తమ ఆఫీసువాళ్ళు ఆడుకునే బౌలింగ్ లీగ్ స్కోరును ఫోనులో చూపిస్తే, లెక్కల మాస్టారుగా రిటైరైన మా బాబాయి ఒక పట్టాన నమ్మలేదు. ఇది క్రికెట్ బౌలింగ్ కాదు. నున్నటి చెక్క బాట చివర నిలబెట్టిన పది పిన్నులను బరువైన బంతి దొర్లించి పడగొట్టే ఆట. ఒకే బంతికి పది పిన్నులూ పడితే దాన్ని స్ట్రైక్ అంటారు. వేసిన పన్నెండు బంతులూ స్ట్రైకులే అయితే 300 వస్తుంది, అంతకు మించి రాదు. ఆ రోజు అమ్మాయి 134 చేసింది, ఎదుటి అబ్బాయి 172 చేశాడు, గెలుపు మాత్రం అమ్మాయిదే.

దీనికి కారణం హ్యాండిక్యాప్, అంటే ఆటగాడి సగటును బట్టి స్కోరుకు కలిపే అదనపు పాయింట్లు; సగటు ఎంత తక్కువైతే అవి అంత ఎక్కువ. అంతవరకు చేసిన మొత్తం స్కోరును ఆడిన గేములతో భాగించి, భిన్నం వదిలేస్తే వచ్చేది సగటు. అమ్మాయి 21 గేముల్లో 2,550 చేసింది కాబట్టి ఆమె సగటు 121. సగటును ఎందులోంచి తీసేయాలో ఆ అంకె బేస్; వాళ్ళ లీగ్ పెట్టుకున్న బేస్ 200, ఆ తేడాలో ఇచ్చే శాతం 90. బాబాయి ఒక శుభలేఖ వెనక పెన్సిలుతో లెక్క కట్టారు: 200లోంచి 121 తీసేస్తే 79, అందులో 90 శాతం 71.1, అంటే 71 పిన్నులు (ఇక్కడ పిన్ను అంటే ఒక పాయింటు). అబ్బాయి సగటు 168 కనుక అతనికి 28.8 రావాలి, కానీ భిన్నాన్ని పైకి సవరించరు కాబట్టి 28 మాత్రమే. ఆ విధంగా ఆమెకు 205, అతనికి 200.

"బేస్ 220 చేస్తే మీ అమ్మాయిలకు ఇంకా లాభమేగా?" అన్నారు బాబాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. బేస్ 220 అయితే ఆమెకు 89, అతనికి 46 వస్తాయి. ఇద్దరి మధ్య తేడా మునుపటిలాగే 43. బేస్ ఎంత పెంచినా అందరికీ ఒకేలా కలుస్తుంది. అది లీగ్‌లోని అత్యధిక సగటు కంటే ఎక్కువగా ఉండాలి, అంతే. బేస్ 150 పెడితే మాత్రం అతనికి సున్నా, ఆమెకు 26 వచ్చి, బలహీనులకే నష్టం జరుగుతుంది.

ఆట తీరును నిజంగా మార్చేది శాతమే. ఇద్దరి సగటుల తేడా 47. శాతం 100 అయితే ఆ 47 మొత్తం పూడిపోతుంది, 90 అయితే 43, 80 అయితే 38 పూడుతుంది. మిగిలినది నేర్పుగల ఆటగాడికి దక్కే మొగ్గు. నా మటుకు 90 సబబనిపిస్తుంది. ఏళ్ళ తరబడి సాధన చేసినవాడికి ఆ నాలుగు పిన్నుల మర్యాదైనా ఉండాలి కదా! పైగా హ్యాండిక్యాప్ పుచ్చుకున్నవాళ్ళు ఆటలో అరటిపండు కారు. అందరూ తమ సగటు మేరకే ఆడిన రోజున గెలుపు ఇంకా పై ఆటగాడిదే. అతను తన సగటుకు తగ్గకుండా ఆడితే, అమ్మాయి గెలవాలంటే తన సగటును దాటి ఆడవలసిందే, ఆ రోజు 13 పిన్నులు దాటింది కూడా.

ఈ పద్ధతికి అసలు చీడ వేరే ఉంది. మొదటి వారాల్లో కావాలని బంతిని పక్క గాడిలోకి వదిలి, సగటు దించుకుని, బహుమతుల వేళకు విజృంభించేవాళ్ళు ఉంటారు. అందుకే కొన్ని లీగులు గత సీజను సగటును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. హ్యాండిక్యాప్ కలపని స్క్రాచ్ స్కోరుకు వేరే బహుమతి కూడా పెడతాయి. పాత సగటు లేని కొత్తవాళ్ళకు మొదటి రోజు గేములతోనే హ్యాండిక్యాప్ కట్టే లీగులూ ఉన్నాయి.