గడ్డి చామంతి మైనం: మూడో విడత

రెండుసార్లు చెడగొట్టాక ఇప్పటికి చిన్న గాయాలకి రాసుకునే, డబ్బాలో పెట్టుకోదగ్గ మైనం (లేపనం) వచ్చింది, మర్చిపోకముందే కొలతలు రాసి పెట్టుకుంటున్నా.

మొదటిసారి పచ్చి ఆకు వేయడమే తప్పు. గడ్డి చామంతి ఆకులు (రంపపు అంచులతో, నూగుగా ఉండేవి) కడిగి అలాగే నూనెలో వేసి మూత పెట్టేశా. ఐదో రోజుకి అడుగున నీరు, పైన బుడగలు, మూత తీస్తే పుల్లటి కంపు. ఆకులో తడి ఉంటే నూనెలో క్రిములు పెరుగుతాయి, ఆ మాత్రం ముందే తట్టాల్సింది. మొత్తం పారబోశా.

రెండోసారి ఆకును నీడలో ఆరు రోజులు ఆరబెట్టా, వేళ్లతో నలిపితే పొడి అయ్యేదాకా. 20 గ్రాముల ఎండాకు, 200 గ్రాముల కొబ్బరి నూనె, వేడి నీళ్ల గిన్నెలో సీసా పెట్టి సన్నటి సెగ మీద మూడు గంటలు. నూనె ముదురాకుపచ్చకి తిరిగింది, పల్చటి గుడ్డలో వడకట్టా. అయితే తేనెమైనం పదో వంతే వేశా, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఎండ తగలగానే డబ్బాలో పాయసంలా అయిపోయింది. పైగా పసుపు పొడి కలిపా, అది అడుగున ఇసుకలా దిగిపోయి, రాసుకున్నచోటల్లా చొక్కాకి అంటింది. పసుపు వేయాలనుకుంటే దాన్నీ నూనెలో నానబెట్టి వడకట్టాలి, పసుపుకి ఆ రంగునిచ్చే కుర్కుమిన్ నీళ్లలో కంటే నూనెలోనే బాగా కరుగుతుంది.

మూడోసారి 100 గ్రాముల వడకట్టిన నూనెకి 20 గ్రాముల తేనెమైనం. చెంచాలో కొంచెం తీసి రెండు నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి చూస్తే గట్టిదనం ముందే తెలిసిపోతుంది. కలబంద గుజ్జు కూడా కలుపుదామనుకుని ఆగా, అదంతా దాదాపు నీరే, మైనంతో కలవదు. దాన్ని విడిగానే వాడుతున్నా: మట్ట కోసి పావుగంట నిలువుగా పెడితే పసుపుపచ్చ పాలు కారిపోతాయి, ఆ పాలే చర్మాన్ని మండిస్తాయి.

ఇక అసలు సంగతి, పని చేసిందా? కొమ్మలు కత్తిరిస్తుంటే చేతి మీద రెండు గీతలు పడ్డాయి, ఇంచుమించు ఒకే పొడవు. సబ్బుతో కడిగి, నెత్తురు ఆగాక, ఒకదానికి ఆకు మైనం, రెండోదానికి ఆకు లేని ఉత్త నూనె-మైనం రాశా. రెండూ తొమ్మిదో రోజుకే మానాయి! ఒక చేతి మీద చూసి తేల్చే విషయం కాదనుకోండి, కానీ గాయం ఎండిపోకుండా కప్పి ఉంచడమే సగం పని చేస్తుందేమో అనిపిస్తోంది.

ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూశాకే వాడా, చామంతి జాతి మొక్కలు కొందరికి పడవు. లోతైన కోతకి, చీము పట్టినదానికి, తుప్పు మేకు గుచ్చుకున్నదానికి ఇది రాయను, నూరిన పచ్చాకు అసలే పెట్టను. ధనుర్వాతం క్రిమి మట్టిలోనే ఉంటుంది, అక్కడ కావాల్సింది డాక్టరు, టీటీ ఇంజెక్షన్.

ఇప్పుడు సరస్వతి ఆకు ఆరబెడుతున్నా, మచ్చల క్రీముల్లో వాడే ఏషియాటికోసైడ్ ఉండేది అందులోనే. నాలుగో రోజు, కాడలు ఇంకా వంగుతున్నాయి, విరగడం లేదు.