నాగోలులో మళ్లీ విడిపోయిన ఆరు కోచ్‌ల రైలు

నిన్న రాత్రి కూడా అదే జరిగింది. హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్‌కు నేను బల్ల మీద కట్టుకున్న ఎన్ స్కేల్ (చిన్న సైజు) నమూనాలో, మూడేసి కోచ్‌ల యూనిట్లు రెండు కలిపిన 3+3 రైలు నాగోలు ప్లాట్‌ఫామ్‌లోకి వస్తూ వస్తూనే రెండుగా విడిపోయింది. రద్దీ తగ్గాక వెనక మూడు కోచ్‌లు ఉప్పల్ డిపోకు వెళ్లాలి కాబట్టి, 82 సెం.మీ. ప్లాట్‌ఫామ్ మధ్యలో పట్టాల కింద, కప్లింగ్‌ను (యూనిట్లను కలిపే కొక్కేన్ని) తెరిచే అయస్కాంతం పెట్టాను. ఆరు కోచ్‌లతోనే తిరిగి రాయదుర్గం వెళ్లాల్సిన ట్రిప్పులోనూ కప్లింగ్ దాని మీద తెరుచుకుంటోంది.

కారణం కొంతవరకు దొరికింది. వేగానికున్న 128 స్టెప్పుల్లో 40వ దానిమీద 150 సెం.మీ. దాటడానికి ముందున్న 'ఎ' యూనిట్‌కు 16.2 సెకన్లు, వెనకున్న 'బి'కి 15.1. అంటే 'బి' వెనక నుంచి నెడుతోంది. కప్లింగ్ వదులవగానే అయస్కాంతం దాన్ని తెరిచేస్తోంది. 'బి'లోని కంట్రోల్ చిప్‌లో సీవీ6 (మధ్య వేగం సెట్టింగ్) తగ్గించి దాన్ని నెమ్మది చేస్తే లోపలికి బాగానే వచ్చింది, తిరిగి రాయదుర్గం వైపు బయల్దేరేటప్పుడు ఈసారి వెనకున్న 'ఎ' నెట్టి విడిపోయింది. ఎటు వెళ్లినా ముందున్న యూనిట్టే కాస్త వేగంగా ఉండాలి.

అందుకే సీవీ6ను పాత విలువకు మార్చి, 'బి'లో సీవీ66ను (ముందుకు వెళ్లే వేగాన్ని మాత్రమే సరిచేసే సెట్టింగ్) 117 చేశాను. నాగోలు వైపు ఇప్పుడు 16.5 సెకన్లు. వెనక్కి వెళ్లే వేగానికున్న సీవీ95 మాత్రం 128 దగ్గరే, అంటే మార్పు లేకుండా ఉంచాను. బయల్దేరడం ఇప్పుడు శుభ్రంగా ఉంది. మిగిలింది బ్రేక్ వేసే క్షణం. 'బి' ఫ్లైవీల్ (మోటారుకున్న బరువైన చక్రం) ఆగకుండా ఇంకాస్త దూరం తోస్తోందని నా అనుమానం. సీవీ4 (వేగం ఎంత నెమ్మదిగా తగ్గాలో చెప్పే సెట్టింగ్) మార్చి చూశాను, తేడా లేదు. ఇప్పుడున్న మైక్రో ట్రెయిన్స్ కంపెనీ కప్లర్‌లోని స్ప్రింగ్ మీద కూడా నాకు నమ్మకం లేదు, రైలంతా ముందుకీ వెనక్కీ ఊగుతోంది. టోమిక్స్ కంపెనీ టీఎన్ కప్లర్ గట్టిది, కానీ చేత్తో ఎత్తితేగానీ విడిపోదు. నాకది పనికిరాదు.

కేటో కంపెనీ చాసిస్ (రైలు అడుగుభాగం) మీద ప్రింట్ చేసిన మెట్రో బాడీలు సరిగ్గా కూర్చున్నాయి, అది చాలు.

జపాన్‌లో యొకొసుకా లైన్ మీద జుషి స్టేషన్‌లో 11 కోచ్‌లకు నాలుగు కలపడం, విడదీయడం రోజూ జరిగే పని. మన మెట్రో ప్లాట్‌ఫామ్‌లు ఆరు కోచ్‌లకు సరిపోయేలా కట్టారు, రైళ్లు మాత్రం మూడే. పొద్దున అమీర్‌పేటలో తలుపు దగ్గర ఇరుక్కుని నిలబడ్డవాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. నా బల్ల మీదైనా ఆరూ తిరగాలి.

ఈ వారాంతం శాశ్వత అయస్కాంతం తీసేసి, సన్నని రాగి తీగతో కాయిల్ చుడతాను. విడదీయాల్సినప్పుడే కరెంటు. పట్టాల మధ్య 9 మి.మీ.లో ఎన్ని చుట్లు పడతాయో చూడాలి. అది కుదిరితే తర్వాత రాయదుర్గం చివర పాయింట్ మోటార్లు (రైలును ఒక పట్టా నుంచి ఇంకోదానికి మళ్లించేవి).