డీజిల్ కారుకి పెద్ద ఫ్యూయెల్ ఫిల్టర్: బిగించడం తేలికే, గాలి పట్టుకోవడమే నరకం

కోపం ఇంకా చల్లారలేదు, అయినా ఇప్పుడే రాసేస్తున్నా, రేపటికి సగం మర్చిపోతా. మధ్యమధ్యలో తిట్లు తగులుతాయి, అవి దాటుకుని చదవండి.

మా బండి కామన్ రైల్ డీజిల్, అంటే పంపు కొట్టిన డీజిల్ రైలు అనే ఒకే గొట్టంలో ప్రెషర్‌తో నిలిచి అక్కడ్నుంచి అన్ని ఇంజెక్టర్లకీ వెళ్లే రకం. వారంటీ అయిపోయి చాలా కాలమైంది. వారంటీలో ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి ఏదీ పీకకండి, చిన్న పైపు మార్చినా దాన్నే సాకుగా చూపించి చేతులు దులిపేసుకుంటారు. నాకు డ్యాష్‌బోర్డులో డీజిల్లో నీళ్లున్నాయని చెప్పే లైటు ఊరికే వెలగడం మొదలైంది. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే కాసిని నీళ్లు దిగేవి, లైటు ఆరేది, కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి చల్లబడినప్పుడు తేమ నీరై దిగుతుంది, డీజిల్ నిలవ ఉంచే పెద్ద ట్యాంకుల అడుగునా అదే జరుగుతుంది, కాబట్టి నీళ్లు రాకుండా ఆపడం మన చేతిలో లేదు. వచ్చినవాటిని పంపు దాకా పోనివ్వకుండా ఆపడమే మనం చేయగలిగింది. ఈ ఇంజన్లలో హై ప్రెషర్ పంపుకి విడిగా ఆయిల్ ఉండదు, లోపలికి వచ్చే డీజిలే దానికి ఆయిల్. అందులో నీళ్లు కలిస్తే లోహం మీద లోహం రాసుకుంటుంది, ఆ పొడి ఇంజెక్టర్లలోకి వెళ్తుంది, ఇక ఆ తర్వాత బిల్లు గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

అందుకే కంపెనీ ఫిల్టర్ అలాగే ఉంచి, దానికి ముందు, అంటే ట్యాంకు వైపు, ఇంకోటి పెద్దది పెడదామనుకున్నా. నీళ్లు విడదీసేది, కింద అద్దంలాంటి బౌల్ ఉండేది, పైన చేత్తో కొట్టి డీజిల్ నింపుకునే ప్రైమర్ ఉండేది.

ఇక్కడ ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు, 2 మైక్రాన్ పెట్టు, ఎంత సన్నగా ఉంటే అంత మంచిది అని. వినకండి. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కదా, దాంతో పోల్చి 2 అనగానే గొప్పగా అనిపిస్తుంది, కానీ డబ్బా మీద అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు. ఆ సైజు చెత్త రేణువులు ఎన్ని ఆపుతుందో కూడా తెలియాలి, దాన్నే బీటా అంటారు. బీటా 2 అంటే వచ్చినవాటిలో సగం దాటిపోతాయి, బీటా 75 అంటే 75 వస్తే ఒక్కటే దాటుతుంది, అంటే దాదాపు 98.7 శాతం ఆగినట్టు. రెండు డబ్బాల మీదా 5 మైక్రాన్ అనే ఉంటుంది, లోపల సరుకుకి మాత్రం పోలికే ఉండదు. ఫ్యూయెల్ ఫిల్టర్ల టెస్టుకి ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 19438 ప్రకారం టెస్ట్ చేశామని, బీటా ఇంత అని రాసి ఉంటే నమ్మొచ్చు, ఉత్త మైక్రాన్ అంకె వేసి ఊరుకుంటే వదిలేయండి.

ఇంకో సంగతి, మా బండికి ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు లేదు. ముందు ఇంజన్ దగ్గర హై ప్రెషర్ పంపుకి తగిలించిన చిన్న గేర్ పంపే అంత దూరం నుంచి డీజిల్‌ని లాక్కోవాలి. లాగే దారిలో మరీ సన్న ఫిల్టర్ పెడితే దానికి ఊపిరాడదు. అందుకే ముందు ఫిల్టర్‌కి 30 మైక్రాన్ తీసుకున్నా, నీళ్లూ పెద్ద చెత్తా అది ఆపుతుంది, సన్న పని కంపెనీ ఫిల్టర్ చూసుకుంటుంది. రేకార్ అనే ఫిల్టర్ల బ్రాండు ఎలిమెంట్లలో (ఫిల్టర్ లోపల మార్చే భాగం) అయితే రంగే చెప్పేస్తుంది, ఎరుపు 30, నీలం 10, బ్రౌన్ 2. మనసులో పెట్టుకోండి, ఎవరైనా ఒకటి చెప్పి ఇంకోటి అంటగడితే దొరికిపోతారు.

బిగించడం పెద్ద పనేం కాదు. టర్బోకీ సైలెన్సర్ పైపుకీ దూరంగా, బాడీకి గట్టిగా బ్రాకెట్ వేసి, ఇన్ అవుట్ బాణాలు చూసుకుని, డీజిల్‌కి పనికొచ్చే హోస్ వాడి, అంతే. ఫిట్టింగులు అమ్మేవాడు టెఫ్లాన్ టేప్ చుట్టుకో ఫర్లేదు అన్నాడు, వద్దని చెప్పి వాషర్‌తో సీలయ్యే ఫిట్టింగులే అడిగి తెచ్చుకున్నా. ఆ టేపు పోగులు ఊడి లైన్లోకి పోతే తలనొప్పే, నీళ్ల కుళాయికి చుట్టుకోమనండి దాన్ని. కొత్త ఫిల్టర్‌లో డబ్బాతో డీజిల్ పోసి నింపలేదు, ఖాళీగానే బిగించి ప్రైమర్ కొట్టి నింపా. గట్టిపడేదాకా కొట్టి, తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. బండి నడిపి చూశా, బ్రహ్మాండం.

మర్నాడు పొద్దున్న మొదలైంది అసలు సినిమా.

స్టార్టర్ తిరుగుతానే ఉంది, ఇంజన్ అందుకోదు. ఆపి, మళ్లీ తిప్పితే దగ్గి అందుకుంది, రెండు క్షణాలు ఊగి ఆగిపోయింది. ప్రైమర్ కొడితే మెత్తగా ఉంది, అంటే రాత్రికి రాత్రి డీజిల్ వెనక్కి జారిపోయింది. కొట్టి గట్టిపడ్డాక స్టార్ట్ అయింది. సరే ఎక్కడో కొంచెం గాలి మిగిలుంటుందిలే, నడిస్తే పోతుందిలే అనుకున్నా. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే పవర్ చచ్చిపోయింది, ఇంజన్ లైటు వెలిగింది, బండి తనంతట తనే పవర్ తగ్గించేసుకునే లింప్ మోడ్‌లోకి పోయింది. వెనకోళ్ల హారన్లు సరే సరి. కోడ్ చూస్తే పి0087, రైలులో ప్రెషర్ తక్కువ అని. నీళ్లు, డీజిల్ అయితే నలగవు, గాలి నలిగిపోతుంది కదా, బుడగలు వస్తే పంపు ఎంత కొట్టినా ప్రెషర్ ఎక్కదు.

ఇక్కడే పొరపాటున సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా అనను, వేరే దారి లేక తీసుకెళ్లా. అడ్వైజర్ బానెట్ ఎత్తి, కొత్త ఫిల్టర్ చూసి, అందరికీ వినబడేలా మొదలెట్టాడు. "సార్, ఇదెవరు పెట్టమన్నారు మీకు? కంపెనీ ఇంజనీర్లకి తెలీదా ఏం పెట్టాలో? మీ సొంత ప్రయోగాలకి మేం ఏం చేస్తాం సార్?" పక్కన కాఫీ తాగుతున్నాయన కూడా నన్ను జాలిగా చూశాడు. తర్వాత లోపలికి తీసుకెళ్లి కాగితం మీద రాశాడు, హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు, రైలు, రిటర్న్ లైన్లు అన్నీ మార్చాలట. ఎందుకండీ అంటే పంపు లోపల అరిగి లోహం పొడి వచ్చేసిందట. చూశారా అని అడిగా. చూడక్కర్లేదు సార్, ఈ కోడ్ వస్తే అంతే అన్నాడు. పొడి వస్తే ఫిల్టర్ కోసి చూస్తే మెరుస్తూ కనబడాలి కదా, పంపు మీద డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వ్ తీసినా తెలుస్తుంది కదా, ఒకటైనా తీసి చూపించండి, చూపిస్తే ఇక్కడే సంతకం పెడతా అన్నా. దానికి మళ్లీ వేరే చార్జీ అవుతుంది, టైం పడుతుంది అని నసిగాడు. రైలు ప్రెషర్ ఎంత అడిగింది, ఎంత వచ్చింది, ఆ గ్రాఫ్ అయినా చూపించమన్నా, అది కస్టమర్లకి చూపించరట! 1997లో ఆల్ఫా రోమియో 156లో కామన్ రైల్ వచ్చినప్పుడు ప్రెషర్ 1350 బార్, ఇప్పుడు 2000 దాటిపోయింది, ఇంత నాజూకైన సిస్టమ్‌ని ఒక్క కోడ్ చూసి మొత్తం మార్చేస్తామనడం వైద్యం కాదు, వ్యాపారం. నా సొంత బాధ్యత మీద తీసుకెళ్తున్నా అని రాయించుకుని తాళాలు చేతిలో పెట్టారు.

బయట ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు, మంచివాడే, కానీ పాత కాలం మనిషి. "ఏముంది బాబూ, ఇంజెక్టర్ నట్లు వదులు చేసి క్రాంక్ కొట్టు, గాలంతా పోతుంది" అన్నాడు. అన్నా, ఆ పని దీని మీద మాత్రం చేయకు అని చెప్పా. పాత డీజిళ్లలో నడిచేది అది. కామన్ రైల్‌లో ఆ ప్రెషర్‌తో చిమ్మిన డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది, పైకి చిన్న చుక్కే కనబడినా లోపల చెయ్యి పాడవుతుంది, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన కేసు. నడిచే ఇంజన్ మీద హై ప్రెషర్ పైపులు ముట్టుకోకండి, నేను రాసినదాంట్లో ఇంకేది మర్చిపోయినా పర్లేదు.

ఇక నేనే కూర్చున్నా. ఈ గాలి విషయంలో బుర్ర తినేది ఏంటంటే లీకు కనబడదు. లాగే వైపు కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద నేల పొడిగా ఉంటుంది, వాసన రాదు, వేలితో తడిమితే తడి ఉండదు. పైపులన్నీ మళ్లీ బిగించా, వాషర్లు మార్చా, క్లాంపులు మార్చా. పొద్దున్న మళ్లీ అదే దగ్గు.

అప్పుడు కంపెనీ ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే చోట ఒక ముక్క ట్రాన్స్‌పరెంట్ పైపు వేశా. ఇది టెస్టు కోసమే, ఉంచేయకండి, వేడికీ డీజిల్‌కీ గట్టిపడి పగులుతుంది. ఇంజన్ నడుస్తుంటే చూస్తే కనబడింది, పైపు పై అంచున సన్నటి బుడగల వరుస ఆగకుండా పోతోంది, ఆర్‌పీఎం పెంచితే ఇంకా దట్టంగా. సరే, కొత్త ఫిల్టరే దొంగ అని తేలిపోయింది అనుకుని దాన్ని తప్పించి రెండు హోసులూ నేరుగా జాయినర్‌తో కలిపేశా. బుడగలు తగ్గాయి. కానీ పోలేదు! అక్కడ మతి పోయింది. కొత్తది లేకపోయినా గాలి వస్తోందంటే మరి ఎక్కడ్నుంచి?

అదే పైపు ముక్కని కంపెనీ ఫిల్టర్‌కి ముందు వేశా. ఒక్క బుడగ లేదు, డీజిల్ నిశ్చలంగా, పసుపు పచ్చగా, తేనెలా పోతోంది. తర్వాత వేస్తే బుడగలు. అంటే కంపెనీ ఫిల్టర్లోనే గాలి పీలుస్తోంది. కొత్త ఫిల్టర్ మళ్లీ కలిపి, ఈసారి లాగడం కాకుండా తోసి చూద్దామని, కంపెనీ ఫిల్టర్ చుట్టూ, క్విక్ కనెక్టర్ల చుట్టూ, అడుగున నీళ్ల సెన్సార్ చుట్టూ పొడి టిష్యూ పేపర్ చుట్టి, ప్రైమర్ రాయిలా గట్టిపడేదాకా కొట్టి వదిలేశా. కాసేపాగి తీస్తే, పైన కనెక్టర్ల దగ్గర పేపరు తెల్లగా ఉంది. సెన్సార్ దగ్గర పేపరు మీద గోరంత పసుపు మరక.

సెన్సార్ విప్పా. దాని ఓ రింగ్ (O-ring), అంటే సీలు చేసే రబ్బరు ఉంగరం, గుండ్రంగా ఉండాలి కదా, ఇది రెండు వైపులా బల్లపరుపుగా నలిగిపోయి, ఒక చోట కత్తితో గీసినట్టు చీలిక. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ పాత ఫిల్టర్ నుంచి సెన్సార్ విప్పి కొత్తదానికి బిగిస్తారు, అప్పుడు ఓ రింగ్ మార్చాలి. మార్చింది లేదు. పోయినసారి ఫిల్టర్ మార్చింది ఎవరయ్యా అంటే, నన్ను నలుగురిలో నిలబెట్టి ప్రయోగాలు అన్న ఆ సర్వీస్ సెంటరే! ఇన్నాళ్లూ తక్కువ లాగుడు మీద ఎలాగో నెట్టుకొచ్చింది, ముందు ఇంకో ఫిల్టర్ పెట్టేసరికి గేర్ పంపు కాస్త గట్టిగా లాగాల్సి వచ్చి ఆ చీలిక నోరు తెరిచింది. పంపుకీ ఇంజెక్టర్లకీ ఏ రోగమూ లేదు. నా బుర్ర గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, వాళ్ల స్కానర్ పట్టుకోలేనిది నా టిష్యూ పేపర్ పట్టుకుంది.

ఓ రింగ్ కొనేటప్పుడు ఇంకో మెలిక. షాపులో ఏదో నల్ల రింగు సైజు చూసి ఇచ్చేస్తారు. బ్రేకుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు కూడా నల్లగానే ఉంటుంది, అది డీజిల్ తగిలితే ఉబ్బి జావైపోతుంది. నైట్రైల్ లేదా వైటాన్ రబ్బరు అని గట్టిగా అడగండి, ఏదైతే ఏంటి సార్ అన్నవాడి దగ్గర తీసుకోకండి. గాస్కెట్ పేస్టు పూయమనేవాళ్లు కూడా ఉంటారు, ఆ పేస్టు ముక్కలు ఎక్కడికి పోతాయో ఇందాకే టేపు దగ్గర చెప్పా. కొత్త రింగుకి కొంచెం డీజిల్ రాసి, చేత్తోనే బిగించి, చివర్లో కొద్దిగా మాత్రమే పానా తిప్పా, ప్లాస్టిక్ కదా.

ప్రైమర్ కొట్టా, స్టార్ట్ చేశా, ట్రాన్స్‌పరెంట్ పైపులో మొదట నాలుగు బుడగలు పోయాయి, తర్వాత నిండు డీజిల్. రాత్రంతా వదిలేసి పొద్దున్న తాళం తిప్పితే అరతిప్పుకే అందుకుంది, అదే ఎత్తు మీద అదే గేర్లో తొక్కి చూశా, లైటు లేదు, కోడ్ లేదు. పైపు ముక్క తీసేసి మామూలు హోస్ పెట్టేశా.

అడ్వైజర్‌కి ఫోన్ చేసి చెప్పా, ఓ రింగ్ మీరు మార్చలేదండీ అని. "అలా జరగడానికి లేదు సార్" అన్నాడు. చీలిన రింగు ఫొటో పంపించా, చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, జవాబు లేదు.

బౌల్‌లో అప్పుడే అడుగున ఒక చెంచాడు నీళ్లు తేరి కనబడుతున్నాయి, ఇవి ఇదివరకు కంపెనీ ఫిల్టర్లోకి పోయేవే. కొత్త బౌల్‌కి కూడా సెన్సార్ పెట్టుకునే చోటుంది, ఆ వైరు ఇంకా లాగలేదు, డ్యాష్‌బోర్డు లైటుకి ఇచ్చిన వైరులోనే దాన్నీ కలిపితే ఏ ఫిల్టర్లో నీళ్లొచ్చాయో తెలీదు కాబట్టి విడిగా చిన్న లైటు పెట్టాలని ఉంది. అందాకా ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి కంటితోనే చూసుకుంటున్నా.