ఫోర్‌వీల్ పడట్లేదా? ట్రాన్స్‌ఫర్ కేస్ దింపనివ్వకండి, ముందు ఇది చూడండి

పాత పికప్‌లో ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు) పనిచేయట్లేదని తెలిసేది ఎప్పుడూ బురదలోనే. మాకు చేవెళ్ల అవతల, వాన పడ్డ రేగడి చేలో తెలిసింది. నాబ్ తిప్పితే మీటర్‌లో లైటు మినుకుమినుకుమంటూనే ఉంది, వెనక చక్రాలు మాత్రం బురద ఎగజిమ్ముతున్నాయి. ట్రాక్టర్ వచ్చి లాగింది, ఆ కథ వదిలేద్దాం.

సిటీకొచ్చాక గ్యారేజీలో ఉస్తాద్ బండి కిందికి వంగి చూడకుండానే "ట్రాన్స్‌ఫర్ కేస్ దింపాలె సార్" అన్నాడు. ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె అది. దింపాలో వద్దో తేల్చే పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. మట్టి నేల మీద 4హెచ్‌కి (ఫోర్‌వీల్‌కి) మార్చి, బండిని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి, ఇంజిన్ ఆపి, గేర్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి (ఇది మర్చిపోవద్దు) కిందికి దూరండి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు యాక్సిల్‌కి వెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే చాలావరకు ట్రాన్స్‌ఫర్ కేస్ తన పని చేసినట్టే, తేడా ముందు యాక్సిల్‌ని కలిపే యాక్చుయేటర్ దగ్గరో, చక్రాల మధ్య ఉండే హబ్‌ల దగ్గరో ఉండొచ్చు. తేలిగ్గా తిరిగితే ట్రాన్స్‌ఫర్ కేస్ పట్టలేదు. అప్పుడైనా సరే ముందు ఫ్యూజు, రిలే, షిఫ్ట్ మోటార్ (ట్రాన్స్‌ఫర్ కేస్‌ని మార్చే మోటార్) కనెక్టర్ చూడాలి. వానాకాలంలో మన రోడ్ల మీద నిలిచే నీళ్లలో నడిచిన బండికి ఆ కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆశ్చర్యం లేదు.

మాది బిగుసుకునే ఉంది. మా బండిలో యాక్చుయేటర్ వ్యాక్యూమ్‌తో, అంటే గాలి లాగే బలంతో పనిచేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా దాని హోస్ పీకి వేలు పెడితే లాగాలి, ఏమీ లాగలేదు. ఇంజిన్ వేడికి వంపు దగ్గర సన్నగా పగిలింది, అంతే. రాణీగంజ్‌లో కొత్త హోస్ తెచ్చి వేశాం. వ్యాక్యూమ్ హోసే అడగండి, వాషర్ నీళ్ల పైపు పెడితే లోపలికి ముడుచుకుపోతుంది. ఇంకోటి, పాత డీజిల్ బండ్లలో చాలావాటికి బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తేలిగ్గా నొక్కుకునేలా సాయపడే భాగం) కూడా ఆ వ్యాక్యూమే దిక్కు, కాబట్టి బ్రేక్ పెడల్ గట్టిపడిందనిపిస్తే ఆ లీకును రేపటికి వాయిదా వేయకండి.

రిపేరయ్యాక టెస్టింగ్ అంటూ ఫోర్‌వీల్‌లోనే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కేవాళ్లున్నారు. దయచేసి వద్దు. ఇలాంటి పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్‌లో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ఎండిన తారు మీద టైర్లు జారవు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడి ఒక్కోసారి 2హెచ్‌కి (వెనక చక్రాలే లాగే మామూలు స్థితికి) తిరిగి రానే రాదు. ముందు వెనక టైర్ల అరుగుదలలో బాగా తేడా ఉంటే తిన్నగా వెళ్తున్నా అదే గొడవ. అలా ఇరుక్కుంటే నాబ్‌ని బలవంతం చేయకుండా, 2హెచ్‌లో పెట్టి తిన్నగా రివర్స్‌లో కాస్త దూరం పోనివ్వండి, చాలాసార్లు వదిలేస్తుంది.