పన్నెండు నక్షత్రాలు

క్రెడిట్ కార్డు నంబరులో పదహారంకెలుంటే, మా స్క్రీన్ మీద చివరి నాలుగే కనిపిస్తాయి. ముందున్న పన్నెండింటి చోటా నక్షత్రాలే. న్యూజెర్సీలో మా ఆఫీసు కాల్‌సెంటర్ వాళ్లు రోజంతా చూసేది ఆ వరుసనే. అదే స్క్రీన్ పైభాగంలో సెర్చ్ బాక్స్ ఉంటుంది. అక్కడ నక్షత్రం కొడితే మాత్రం లెక్క వేరు: ఈ చోట ఏమున్నా సరే, ఎన్ని అక్షరాలున్నా సరే, అసలేమీ లేకపోయినా సరే. ప్రశ్నార్థకం కొడితే ఏదో ఒక్క అక్షరం. వీటినే వైల్డ్‌కార్డులంటారు.

ఈ ఏర్పాటు పాతదే. 1971 నాటి తొలి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే దీనికోసం గ్లాబ్ అని విడిగా ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండేది. అది పుట్టిన బెల్ ల్యాబ్స్ ఇక్కడే, ముర్రే హిల్‌లో. మన తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఎడిసన్‌కి అదేమంత దూరం కాదు.

ఒక శనివారం రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. హైదరాబాద్‌లో అప్పటికి ఆదివారం పొద్దున పదకొండున్నర. అక్కడ డ్యూటీలో ఉన్న కుర్రాడు, "అన్నా, సర్వర్ సీపీయూ వంద శాతానికి పోయి కూర్చుంది. రీస్టార్ట్ చేశా, మళ్లీ అంతే" అన్నాడు. సర్వర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ తీస్తే కారణం ఎదురుగానే ఉంది. ఎవరో స్క్రీన్ మీది కార్డు నంబరును ఉన్నదున్నట్టు కాపీ చేసి సెర్చ్ బాక్స్‌లో పేస్ట్ చేశారు. పన్నెండు నక్షత్రాలు, నాలుగంకెలు. ఫలితం రాకపోయేసరికి మళ్లీ మళ్లీ నొక్కారు.

మా పాత కోడ్ నక్షత్రం ఎదురైనప్పుడల్లా, అది ఏమీ మింగలేదనుకుని మిగతాదంతా సరిచూస్తుంది. కుదరకపోతే ఒక అక్షరం మింగిందనుకుంటుంది, తర్వాత రెండు, మూడు. నక్షత్రం ఒక్కటైతే బాధ లేదు. పక్కపక్కనే పన్నెండుంటే, ప్రతి నక్షత్రం వాటాకీ ఎన్ని అక్షరాలో విడివిడిగా పంచి చూస్తుంది. నలభై అక్షరాల లైనులో ఆ నాలుగంకెలు లేవని తేల్చడానికి పంపకాలు 20,637 కోట్ల పైచిలుకు. సెకనుకి పది కోట్లు చూసినా ఆ ఒక్క లైనుకే అరగంట దాటుతుంది. మా టేబుల్లో లైన్లు లక్షల్లో ఉన్నాయి.

మందు చిన్నదే. పక్కపక్క నక్షత్రాలను ముందు ఒకటిగా కుదించాలి. ఆపైన, చివరగా దాటిన నక్షత్రం ఎక్కడుందో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. 0120123 అనే వరుసలో *123 కోసం వెతుకుతున్నాం అనుకోండి. నక్షత్రం మొదటి సున్నాని మింగింది, 1, 2 కలిశాయి, 3 రావాల్సిన చోట 0 వచ్చింది. వెనక్కి వెళ్లి నక్షత్రంతో ఇంకో అక్షరం మింగించి మళ్లీ మొదలుపెట్టాలి. అలా జరుగుతూ పోతే చివర్లో 123 దొరుకుతుంది. అంతకుముందు దాటొచ్చిన నక్షత్రాలుంటే వాటి జోలికి పోనక్కర్లేదు. ఎందుకంటే ఆ నక్షత్రాల మధ్య ముక్కల్ని వీలైనంత ముందే కలిపేశాం. వాటిని ఇంకా కుడికి జరిపితే తర్వాతి ముక్కలకి మిగిలే చోటు తగ్గుతుందే తప్ప పెరగదు.

ఇది తెలియనివాళ్లు మా టీమ్‌లో ఒక్కరూ లేరు. ఇంటర్వ్యూ ప్రశ్నలు సాధన చేసే వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో 44వ ప్రశ్న అచ్చంగా ఇదే. హెచ్1బీ వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ భయంతో ఇలాంటివన్నీ కంఠతా పట్టి, ఇంటర్వ్యూలో బోర్డు మీద రాసి చూపించి వచ్చినవాళ్లమే అందరం. వచ్చాక ఆ పాత కోడ్ ఉన్న ఫైలును ఎవరూ తెరవలేదు. పనిచేస్తున్న కోడ్‌ను ముట్టుకుంటే ఏం విరుగుతుందో, ఆ నింద ఎవరి మెడకి చుట్టుకుంటుందో! వీసా మీద బతికేవాళ్లకి ఈ జాగ్రత్త తెలియకుండానే ఒంటబడుతుంది. పదిమంది పరీక్షకి చదివిన సమాధానం ఆఫీసు సర్వర్‌లోకి ఎక్కలేదంటే కారణం తెలివి తక్కువై కాదు.

కోడ్ మార్చింది హైదరాబాద్ కుర్రాడే, అరపూట పని. పేచీ సోమవారం మీటింగులో వచ్చింది. రిపోర్టులో కారణం దగ్గర "యూజర్ పొరపాటు" అని రాయమన్నాడు మేనేజర్. నేను ఒప్పుకోలేదు. ఆ మనిషి పేస్ట్ చేసింది మనం చూపించిందే కదా అన్నాను. ఒకే స్క్రీన్ మీద కిందేమో "దాచాం" అని నక్షత్రాలు పెట్టి, పైన అవే నక్షత్రాలకి "ఏదైనా సరే" అని అర్థం పెడితే, కాల్ మీద కస్టమర్‌ను ఆపి కూర్చున్న మనిషికి తేడా ఎలా తెలియాలి? కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. చివరికి రిపోర్టులో "డిజైన్ లోపం" అని పడింది.

ఇప్పుడు నంబరు దాచే చోట నక్షత్రాల బదులు నల్లచుక్కలు వస్తున్నాయి. కాపీ కొడితే చివరి నాలుగంకెలే వస్తాయి. పాత స్క్రీన్‌షాట్లతో ఉన్న ట్రైనింగ్ పుస్తకాన్ని మార్చే పని మాత్రం ఇంకా ఎవరి ఖాతాలోనూ పడలేదు.