అగ్గి తెగులు కోసం నెల్లూరు దాకా

సికింద్రాబాద్‌లో రాత్రి సింహపురి ఎక్కాను. పొద్దున్నే నెల్లూరు. జనవరి మొదటి వారం. బ్యాగులో బట్టల కన్నా కాగితం కవర్లే ఎక్కువ. పాలిథీన్‌లో పెడితే ఆకు చెమ్మకి కుళ్లిపోతుంది, నాకు కావాల్సింది దక్కదు.

హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లో మూడేళ్లుగా ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకి మారుస్తూ పెంచుకొస్తున్న, వరికి అగ్గి తెగులు తెచ్చే శిలీంధ్రం చప్పబడిపోయింది. సాంబ మసూరి ఈ తెగులుకి ఇట్టే లొంగే రకం. దాని నారు మీద పిచికారీ చేసినా గుండుసూది మొనంత చుక్కలే వచ్చాయి. పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చేస్తే, నేను వెతికిన దాడి జన్యువులు అన్నీ ఉన్నాయి. ఉన్నాయి కానీ పనిచేస్తున్నట్టు లేవు. థీసిస్ అంతా దాని మీదే. రెండు నెలలు టెన్షన్‌తో సరిగ్గా నిద్రపోలేదు.

పెన్న దాటి కోవూరు వైపు బస్సెక్కాను. మాట్లాడి పెట్టుకున్న రైతు గట్టు మీదే నిలబడి ఉన్నాడు.

"ఇంత దూరం ఆకు కోసం వచ్చావా అమ్మా?"

"అవును బాబాయ్, మా దగ్గరున్నది బలం పోగొట్టుకుంది."

ఆయన వంగి ఒక ఆకు తుంచి ఇచ్చాడు. మంచు ఇంకా ఆరలేదు. మచ్చ అచ్చం నూలుకండెలా ఉంది. రెండు కొసలూ సన్నగా, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమరంగు అంచు. ఆ బూడిద రంగు మీదే బీజాలుంటాయి. ఒక్కోటి బేరిపండు ఆకారంలో, మూడు గదులతో. మంచుబొట్టులో మొలకెత్తి, ఒక బుడిపె కట్టుకుని, అందులో కారు టైరులో ఉండే గాలికి దాదాపు నలభై రెట్ల ఒత్తిడి పెంచి ఆకుని పొడుచుకుని లోపలికి దిగుతుంది. ఆ ఒత్తిడి నిలవాలంటే బుడిపెకి మెలనిన్ అనే నల్లరంగు పూత కావాలి. బాబాయ్ కొట్టే ట్రైసైక్లజోల్ మందు ఆ పూతనే ఆపుతుంది. ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు ఆకు వంకే చూశాడు.

"మరి మీ దగ్గరది ఎందుకు చప్పబడింది?"

గట్టు మీద కూర్చుని చెప్పాను. డీఎన్‌ఏ దారం హిస్టోన్లనే ప్రొటీన్లకి కండెకి చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. హెచ్3 అనే హిస్టోన్‌లో 27వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లానికి మూడు మిథైల్ గుంపులు ముద్రలా అంటుకుంటే అక్కడి చుట్టు బిగుసుకుంటుంది, ఆ జన్యువు మూగబోతుంది. డీఎన్‌ఏలో అక్షరం ఒక్కటీ మారదు. అగ్గి తెగులు శిలీంధ్రం చాలా దాడి జన్యువుల్ని బయట ఉన్నప్పుడు ఇలా మూసిపెట్టుకుని, ఆకులోకి దిగాక తెరుస్తుంది. ఆ ముద్ర వేసే ఎంజైముని తీసేస్తే, మొక్కే లేకపోయినా ప్లేటులోనే అవి పలకడం మొదలెడతాయి. ఆవాల జాతి పంటకొచ్చే బ్లాక్‌లెగ్ శిలీంధ్రంలో ఫ్రాన్స్ పరిశోధకులు 2014లో ఇలాంటిదే చూపించారు, అక్కడ ముద్ర 9వ స్థానంలోని లైసిన్ మీద.

ఎందుకంత గుట్టు అంటే, కొన్ని వరి రకాలు ఆ ఆయుధాల్లో కొన్నిటిని పసిగట్టి, తెగులు సోకిన కణాల్ని తామే చంపేసుకుని దాన్ని అక్కడికక్కడే ఆపేస్తాయి. అవసరం లేనప్పుడు కత్తి ఒరలో ఉండటమే దానికి క్షేమం. మా ప్లేట్లలో ఏళ్ల తరబడి ఆకు ముఖం చూడని శిలీంధ్రం ఒరని బిగించేసుకుందని నా అనుమానం. జన్యువులే దెబ్బతిని కూడా బలం తగ్గొచ్చు, అందుకే మా పాతదీ, పొలం నుంచి తెచ్చేదీ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

"అంటే మళ్లీ వరి మీద పెడితే గుర్తొస్తుందంటావు," అన్నాడు బాబాయ్. ఇంత తేలిగ్గా నేను ఏ సెమినార్‌లోనూ చెప్పలేకపోయాను.

పన్నెండు కవర్లు నింపాను. వాళ్లింట్లో చేపల పులుసుతో అన్నం తిని సాయంత్రానికి స్టేషన్‌కి చేరాను. రైలంతా కవర్లు ఒళ్లోనే.

కోవూరు ఆకుల నుంచి ఒంటి బీజం తీసి పెంచి, నారు మీద కొట్టాను. ఆరో రోజు పొద్దున్నే గ్రీన్‌హౌస్ తలుపు తీస్తే ఆకు నిండా నూలుకండెలు. మా పాత శిలీంధ్రాన్ని కూడా ఆ గుండుసూది చుక్కల్లోంచే తిరిగి తీసి, వరి మీద మళ్లీ మళ్లీ పెట్టాను. మూడోసారికి మచ్చలకి బూడిద రంగు వచ్చింది. ఫోన్ చేసి బాబాయ్‌కి చెబితే, "చెప్పలా!" అన్నాడు.